ఆటలోనా, బయటా?

పిచ్చుక నోరు తెరిచిందంటే ఇంట్లోవాళ్ళు చేతిలో పని ఆపి ఒకటే ఆలోచించేవాళ్ళు: ఇందులో సగం తీసెయ్యాలా, ముప్పావు తీసెయ్యాలా అని.

పద్నాలుగేళ్ళ పిల్ల, తొమ్మిదో తరగతి. పిచ్చుక అన్నది ఇంట్లో పెట్టుకున్న ముద్దుపేరు. బడిలో తోటిపిల్లలు పెట్టిన పేరు వేరే ఉంది, కోతమిషను. కోతలు కొయ్యడంలో ఆ పిల్ల వేగం అలాంటిది మరి. వాళ్ళ నాన్న ప్లంబరు. సముద్రం అడుగున పైపులు బిగించడానికి మంత్రిగారే స్వయంగా ఆయన్ని పిలిపించారని మూడో తరగతిలో చెప్పింది. నాయనమ్మ వయసులో ఉన్నప్పుడు సర్కస్‌లో ఏనుగు మీద ఒంటికాలితో నిలబడేదని ఐదో తరగతిలో చెప్పింది. ఆ మాట తిరిగి తిరిగి ఇంటికొస్తే నాయనమ్మ కోప్పడలేదు సరికదా, "ఏనుగు కాదే, గుర్రమని చెప్పు. నా ఒంటికి గుర్రమే నప్పుతుంది" అని సవరించింది.

నవ్వు రానిది ఒక్క తల్లికే. ఆవిడ సిటీ బస్సు డ్రైవరు, అందరూ డ్రైవరమ్మ అనే పిలుస్తారు. డిపో నుంచి రైల్వే స్టేషను దాకా పద్నాలుగో నంబరు బస్సు, పదకొండేళ్ళుగా. నాలుగు నిమిషాలు ఆలస్యమైతే ఎందుకైందో కాగితం మీద రాసి సంతకం పెట్టే ఉద్యోగం. వాన పడితే వాన అని, టైరు పోతే టైరు అని రాయాలి. ఉన్నది ఉన్నట్టు చెప్పడం ఆవిడ ఒంటికి పట్టేసింది. తన కడుపున ఇలాంటి పిల్ల ఎలా పుట్టిందా అని భర్తని నిలదీస్తే, "మా అమ్మ పోలిక" అని ఆయన చేతులు దులుపుకునేవాడు.

ఎనిమిదో తరగతి చివర్లో పాము వచ్చింది. రాలేదు, అదే గొడవ.

కెమిస్ట్రీ ల్యాబులో బీరువా కింద పాము దూరడం చూశానని పిచ్చుక అరిచింది. పొడవెంతో చెప్పింది, పడగ మీద మచ్చ ఎలా ఉందో చెప్పింది, అది తన వంక ఎంత గుర్రుగా చూసిందో కూడా చెప్పింది. బడి బడంతా మైదానంలోకి వచ్చి రెండు గంటలు ఎండలో నిలబడింది. పాములు పట్టేవాడు వచ్చి బీరువా జరిపి, కింద పడున్న రబ్బరు గొట్టం ముక్క ఒకటి తీసి వైస్ ప్రిన్సిపాల్ చేతిలో పెట్టాడు. ఆయన మంచాయనే. "ఈ గొట్టాన్ని చూసి పొరపడ్డావేమో?" అని తప్పించుకునే దారి చూపించాడు. ఆ పిల్ల దాన్ని వాడుకోలేదు. "గొట్టం కూడా చూళ్ళేదు సార్. అక్కడ పాముంటే బావుంటుందనిపించింది" అంది. నిజం చెప్పాల్సిన చోట అబద్ధమాడి, అబద్ధమాడితే ఒడ్డున పడే చోట నిజం చెప్పిందని డ్రైవరమ్మ తల పట్టుకుంది.

ఆ రోజు నుంచి పిచ్చుక పక్కన ఎవరూ కూర్చోలేదు. ఆ సంగతి ఎవరో వచ్చి చెప్పాల్సిన పని లేకపోయింది. పద్నాలుగో నంబరు బస్సు మధ్యాహ్నం ఒంటిగంటా పదికి బడి గేటు ముందు నుంచే వెళ్తుంది. గేటు ఊచల్లోంచి మెట్లు కనపడతాయి. మెట్ల మీద గుంపులు గుంపులుగా పిల్లలు, చిట్టచివరి మెట్టు మీద ఒక్కతే, ఒళ్ళో టిఫిన్ డబ్బాతో పిచ్చుక. స్టాపు లేకపోయినా అక్కడ డ్రైవరమ్మ కాలు యాక్సిలరేటరు మీద నుంచి దానంతటదే లేచేది. అంతలో వెనక నుంచి ఎవడో హారన్ కొట్టేవాడు.

తొమ్మిదో తరగతి మొదలైన రెండు నెలలకి ఆ చివరి మెట్టు ఖాళీగా కనపడింది. మర్నాడూ ఖాళీయే. ఆ తరవాత మంగళవారం, గురువారం ఇంటికి గంటన్నర ఆలస్యంగా రావడం మొదలుపెట్టింది.

"ఎక్కడున్నావే ఇంతసేపు?"

"లైబ్రరీలో పనుందమ్మా."

"ఎవరితో?"

"ఫ్రెండ్స్‌తో."

ఇందులో ఎంత తీసెయ్యాలో డ్రైవరమ్మకి అంతుపట్టలేదు. ఫ్రెండ్సనే మాట దగ్గర మొత్తం తీసెయ్యాలనిపించింది. అలా అనిపించినందుకు మనసు చివుక్కుమంది.

ఒక బుధవారం ఆవిడకి సెలవు. సాయంత్రం బట్టలు నానబెడుతూ పిల్ల స్కూలుబ్యాగు దులిపితే లావుపాటి నోటుబుక్కొకటి కింద పడి తెరుచుకుంది. గుండ్రటి అక్షరాలతో ఇలా రాసి ఉంది: "గురువారం. ముసలాయనకి విషం పెట్టింది ఎవరో అప్పుడే తెలియకూడదు. కళ్ళజోడుకి ప్రాణం కొంచెమే మిగిలింది. లీడరు కాపాడకపోతే పోతాడు. నిట్రాట దొంగతనంగా లోపలికి వెళ్తే చెయ్యి పోతుంది." కింద ఒక ఇంటి ప్లాను, కిటికీలతో సహా. వెనకగుమ్మం దగ్గర ఎర్రసిరాతో చిన్న పుర్రెబొమ్మ.

డ్రైవరమ్మకి ముచ్చెమటలు పోశాయి. భర్తకి చూపిస్తే ఆయన ప్లాను తిప్పి తిప్పి చూసి, "వంటింటి నీళ్ళు పోవడానికి దారే పెట్టలేదు" అన్నాడు.

"విషమని రాసుంటే నీళ్ళంటారేంటండీ!"

"దాన్నే అడగరాదూ?"

"అడిగితే నిజం చెప్తుందా?"

అడగలేదు. నోటుబుక్కు తన సంచీలో దాచుకుని, మర్నాడు సగం పూట సెలవు పెట్టి, యూనిఫాం కూడా మార్చుకోకుండా సాయంత్రం నాలుగింటికి బడికి వెళ్ళింది. మూడో అంతస్తులో లైబ్రరీ. తలుపు దగ్గర లైబ్రరీ మేడం ఎదురైంది. పొట్టిగా, భుజాన శాలువాతో, పుస్తకాల దుమ్ముకి రోజంతా తుమ్ముతూ ఉండే మనిషి. డ్రైవరమ్మ నోటుబుక్కు తెరిచి చూపించింది. మేడం ఆ పేజీ చదివి, "అయ్యో, ఇది నేను చూడకూడదండీ. ఇవాళ ఏం జరుగుతుందో నాకు తెలిసిపోయింది!" అని నొచ్చుకుంది.

"ఏం జరుగుతుంది?" డ్రైవరమ్మ కంగారుగా అడిగింది.

"రండి, మీరే చూడండి. అలికిడి చెయ్యకండి."

రెండు బీరువాల మధ్య సందులో నిలబడితే కిటికీ పక్క బల్ల కనపడుతోంది. దాని చుట్టూ నలుగురు. గుడిసె మధ్య స్తంభంలా పొడుగ్గా ఎదిగిపోయిన కుర్రాడు ఒకడు, వాడే నిట్రాట అయ్యుండాలి. లావు అద్దాల కళ్ళజోడు పిల్లాడొకడు. చొక్కాకి క్లాస్ లీడర్ బ్యాడ్జీ పెట్టుకున్న అమ్మాయి. ముగ్గురూ ముందుకి వంగి, కన్నార్పకుండా పిచ్చుక మొహంలోకి చూస్తున్నారు.

"తాడు పట్టుకుని గోడ దిగుతున్నావు," పిచ్చుక అంటోంది. "చీకటి. కింద కుక్క ఉందో లేదో తెలీదు. ఏం చేస్తావు?"

"మెల్లిగా దిగుతా. చప్పుడు కాకుండా," అన్నాడు నిట్రాట.

"అయితే వెయ్యి."

వాడు గోళీలాంటిదేదో బల్ల మీద దొర్లించాడు. ఇరవై ముఖాల పాచిక అది, ముఖానికో అంకె. నలుగురూ దాని మీదికి వంగారు.

"రెండు," అంది పిచ్చుక. "తాడు తెగింది."

"ఏయ్! చెయ్యి జారిందే! ఇంకోసారి వేస్తా. ఎవరూ చూళ్ళేదనుకోండి."

"నేను చూశానుగా. తెగిందంటే తెగింది. కాకపోతే ఎక్కడ పడ్డావో నువ్వు చెప్పు."

వాడు పెదవి కొరుక్కుని ఆలోచించాడు. "పేడకుప్పలో" అన్నాడు. లీడరమ్మాయి బల్ల చరిచి మరీ నవ్వింది. కళ్ళజోడు పిల్లాడు నవ్వి నవ్వి అద్దాలు తీసి తుడుచుకున్నాడు. పిచ్చుక కూడా నవ్వింది. పాము గొడవ అయ్యాక ఆ నవ్వు ఇంట్లో ఎవరూ వినలేదు.

డ్రైవరమ్మ బీరువాకి చేరగిలబడింది. విషం లేదు, ముసలాయన లేడు, ఎవరి ప్రాణానికీ ఏమీ కాలేదు. అన్నిటికన్నా ముందు, ఫ్రెండ్స్ నిజం.

మేడం బయటికి తీసుకెళ్ళి నెమ్మదిగా వివరించింది. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్ళు ఆ కథలో మనుషులవుతారు. ఏం చేస్తారో ఎవరికి వాళ్ళే చెప్పాలి. అది కుదురుతుందో లేదో పాచిక చెబుతుంది. ఆ ఆట పెట్టె మూడేళ్ళుగా లైబ్రరీలో ఉంది కానీ కథ నడిపేవాళ్ళు లేక ఎవరూ ముట్టుకోలేదు.

"మీ అమ్మాయి రోజూ మధ్యాహ్నం ఇక్కడొచ్చి ఒక్కతే కూర్చునేది. ఒకరోజు పెట్టె ఇచ్చి చూడమన్నాను. నాలుగు రోజుల్లో రూల్సన్నీ నోటికొచ్చేశాయి. అది చూసి ఈ ముగ్గురూ ఒక్కొక్కరే వచ్చి చేరారు. ఆ పొడుగు కుర్రాడున్నాడే, వాడికి మాటకంటే ముందు చెయ్యి లేచేది. ఇప్పుడు ముందు మాట్లాడి చూద్దామంటున్నాడు, ఎందుకంటే ఆటలో చెయ్యి లేపిన ప్రతిసారీ వాడికే దెబ్బలు తగిలాయి. కళ్ళజోడు వాడు క్లాసులో తప్పు చెప్తానేమోనని అసలు నోరు విప్పేవాడు కాదు. ఇక్కడ వాడు మంత్రగాడు, విప్పక తప్పదు."

"మా పిల్ల అబద్ధాలు..." డ్రైవరమ్మ మాట పూర్తి చెయ్యలేకపోయింది.

"ఇక్కడ తను చెప్పేది జరగలేదని అందరికీ తెలుసు కదండీ. ఇంక మోసం చెయ్యాల్సిన పనేముంది?" అని మేడం గట్టిగా తుమ్మింది.

ఇంటికొచ్చాక డ్రైవరమ్మ నోటుబుక్కు తెచ్చి కూతురి ముందు పెట్టింది. "చూశాను. బడికి కూడా వచ్చాను. భయపడి వచ్చాను" అని ఉన్నదున్నట్టు చెప్పేసింది. పిచ్చుక మొహం ముందు కందిపోయింది, తరవాత అసలు విషయం గుర్తొచ్చినట్టు, "బాగుందా కథ?" అని అడిగింది. ఆ వారం నుంచి ఇంట్లో సందడే సందడి. నాన్న పాత పైపు కోసి ఉంగరాల్లాంటి బిళ్ళలు చేసి, వాటికి నాలుగు రంగులు వేసి ఇచ్చాడు. ఆ ఇంటి ప్లానులో వంటింటి నీళ్ళు పోయే దారి కూడా ఆయనే గీసి పెట్టాడు. ఆ దారిలోంచే తరవాత దొంగలు దూరారు. మంత్రగత్తె గొంతు ఎలా ఉండాలో నాయనమ్మ మంచం మీద కూర్చుని నేర్పించింది.

ఇంత జరిగినా, పిచ్చుక బయట ఏదన్నా చెబితే మాత్రం డ్రైవరమ్మ మనసు ఇంకా పాత పద్ధతిలోనే సగం తీసేసేది. అలవాటు అంత త్వరగా వదలదు.

బడి వార్షికోత్సవానికి వారం ముందు ఒక మధ్యాహ్నం. రైల్వే స్టేషను దగ్గర బస్సు ఆపి, పది నిమిషాల విరామంలో డ్రైవరమ్మ టీ తాగుతోంది. ఫోన్ మోగింది. బడి ఆఫీసు నంబరు.

"అమ్మా, నేనే. వెనకాల పాత స్టోరు గది లోపల ఎవరో ఉన్నారు. గోడ తడుతున్నారు. మూడుసార్లు తట్టి ఆగుతున్నారు, మళ్ళీ మూడుసార్లు. వైస్ ప్రిన్సిపాల్ సార్‌కి చెప్తే ముందు క్లాసుకెళ్ళమన్నారు. లైబ్రరీ మేడం ఇవాళ రాలేదు. నువ్వు సార్‌తో మాట్లాడమ్మా, నువ్వు చెప్తే..."

ఫోన్‌లో పిల్ల వెనకాల డ్రమ్ముల మోత. కండక్టరు చెయ్యి ఊపుతున్నాడు, టైమైంది. డ్రైవరమ్మకి కళ్ళ ముందు రబ్బరు గొట్టం కనపడింది.

"పిచ్చుకా, నేను బస్సు తియ్యాలి. గోల చెయ్యకు. ఇంకోసారి స్కూలంతా ఎండలో నిలబడితే నేను తలెత్తుకోలేను. క్లాసుకెళ్ళు."

"సరేమ్మా" అని ఫోన్ పెట్టేసింది పిల్ల.

ఫోను పెట్టెలో పెట్టి తాళం వేసి బస్సు తీసింది. బండి నడిపేటప్పుడు ఫోన్ ముట్టుకోకూడదు, అది రూలు. రెండు స్టాపులు దాటేసరికి లోపల ఏదో గుచ్చుకోవడం మొదలైంది. పాము కథ చెప్పినప్పుడు పిల్ల పొడవు చెప్పింది, పడగ చెప్పింది, చూపు చెప్పింది. ఇప్పుడు? గోడ తడుతున్నారు, అంతే. ఎవరో తెలీదంది. ఏ అలంకారమూ లేదు. కోతలు కొయ్యాలనుకుంటే ఆ పిల్ల అంత చప్పగా కొయ్యదు.

ఆరో స్టాపు దగ్గర వెనక నుంచి అంబులెన్సు సైరన్ వినపడింది. డ్రైవరమ్మ బస్సుని ఎడమ పక్కకి ఒదిగించి దారిచ్చింది. తెల్లబండి దూసుకుపోయి, ముందున్న కూడలిలో కుడివైపు తిరిగింది. తన బస్సు కూడా వెళ్ళే ఆ వీధిలో ఇళ్ళు కాక ఉన్నది ఒక్క బడే. వెనక నలభైమంది ప్రయాణికులు. ఎక్కేవాళ్ళు ఎక్కుతున్నారు, దిగేవాళ్ళు దిగుతున్నారు. ఒకావిడ మెట్టు మీద నిలబడి చిల్లర సంచీ వెతుక్కుంటోంది. డ్రైవరమ్మ ఆవిడ దిగేదాకా ఆగింది. ఆ పది క్షణాలు ఎంత పొడుగ్గా ఉన్నాయో ఆవిడకే తెలుసు. ఎవరో లోపల ఉన్నారంది. నేను వెళ్ళమంటే క్లాసుకెళ్ళిందా, లేక తనే లోపలికి దూరిందా? గేటు ముందుకొచ్చేసరికి అంబులెన్సు లోపల ఆగి ఉంది. చుట్టూ జనం. వాళ్ళ మధ్య పిచ్చుక కనపడలేదు. నలభైమందిని దారిలో వదిలేసి దిగడానికి లేదు, బస్సు ముందుకే నడిపింది.

డిపోలో బస్సు ఆపిందో లేదో సూపర్‌వైజరు కిటికీ దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. ఆవిడ మొహం చూసి ముందే చెయ్యెత్తాడు.

"మీ అమ్మాయికి ఏం కాలేదు. ముందు ఆ మాట వినండి. క్షేమంగా ఉంది. స్కూలు నుంచి ఫోనొచ్చింది, ఎవర్నో కాపాడిందట. మిమ్మల్ని ఒకసారి రమ్మన్నారు. తరవాతి ట్రిప్పుకి వేరే వాళ్ళని పంపిస్తాలెండి, వెళ్ళండి."

డ్రైవరమ్మ సీట్లోంచి లేవలేదు. స్టీరింగు మీద నుదురు ఆనించి, పెద్దగా ఊపిరి వదిలింది. ఊపిరితో పాటు ఏడుపు కూడా వచ్చింది, ఆపుకోలేదు.

ఆఫీసు గదిలో వైస్ ప్రిన్సిపాల్ ఆవిడని చూసి లేచి నిలబడ్డాడు. పాము గొడవప్పుడు కూర్చునే మాట్లాడిన మనిషి. "పిల్ల వచ్చి చెప్పింది, నేను వినలేదమ్మా" అని మొదటి మాటగా అదే అన్నాడు. "నేనూ వినలేదు సార్" అంది డ్రైవరమ్మ. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేక పక్కకి తిరిగారు. బెంచీ మీద నలుగురు పిల్లలు కూర్చుని ఉన్నారు, ఒంటినిండా దుమ్ము, సాలెగూళ్ళు. ఒకరి మాటలో ఒకరు దూరుతూ జరిగింది చెప్పారు.

లోపలున్నది వాచ్‌మన్ తాత. వార్షికోత్సవానికి కుర్చీలు తీద్దామని పాత స్టోరు గదిలోకి వెళ్ళాడు. గాలికి తలుపు మూసుకుని బయట గడియ దానంతటదే పడింది. ఏదో లాగబోతే విరిగిన బెంచీల ర్యాకు కాలు మీద పడింది. ఫోను గేటు గదిలో చార్జింగులో ఉంది. మైదానంలో డ్రమ్ముల రిహార్సలు, ఆయన కేకలు ఎవరికి వినపడతాయి? ఆటలోకి ఒక పాడుబడ్డ గోదాము ప్లాను కావాల్సొచ్చి, ఆ గది కొలతలు వేసుకుందామని వెనకవైపు వెళ్ళిన పిచ్చుకకి మాత్రం గోడకి ఆనుకోగానే ఆ తట్టడం వినపడింది.

"సార్ వద్దన్నారు, అమ్మ వద్దంది," నిట్రాట అందుకున్నాడు. అనగానే డ్రైవరమ్మ వైపు చూసి నాలిక కరుచుకున్నాడు. "అంటే, మీరు బస్సులో ఉన్నారు కదాంటీ. అప్పుడిది మా దగ్గరికొచ్చింది. నేనొకటే అడిగాను. ఆటలోనా, బయటా అని. బయట అంది. అయితే పదండి అన్నాను."

"అంతేనా? నమ్మేశారా?" అడిగాడు వైస్ ప్రిన్సిపాల్.

పిల్లలు ముగ్గురూ ఆయన వంక వింతగా చూశారు.

"ఇది పాచిక మార్చి చెప్పదు సార్," అన్నాడు కళ్ళజోడు పిల్లాడు, క్లాసులో ఎప్పుడూ నోరు విప్పని వాడు. "నా మంత్రగాడు చచ్చిపోయేలా ఉన్నప్పుడు కూడా మార్చలేదు. నేను ఏడ్చినా మార్చలేదు."

తుప్పుపట్టిన తలుపు గడియ పడ్డ ఊపుకి బిగుసుకుపోయింది. లీడరమ్మాయి ఎవరు ఏం చెయ్యాలో పంచింది. ఆటలో రోజూ చేసే పనే అది. తను గేటు గదికి పరిగెత్తి సుత్తి తెచ్చింది. కళ్ళజోడు పిల్లాడు స్టాఫ్ రూములోకి దూసుకెళ్ళి, ఉన్న టీచర్లందరి ముందూ నిలబడి, ఒక్క ముక్క తడబడకుండా అంబులెన్సు పిలవమని చెప్పాడు. నిట్రాట కిటికీ పైన ఉన్న వెలుతురు కంతలోంచి తొంగిచూసి లోపల సంగతి చెప్పాడు: తాత పక్కకి పడున్నాడు, కాలు కదలడం లేదు, కళ్ళు మూతలు పడుతున్నాయి.

"మరి నువ్వేం చేశావే?" డ్రైవరమ్మ మొదటిసారి కూతురిని అడిగింది.

పిచ్చుక తల వంచుకునే చెప్పింది. "తాత నిద్రపోతున్నాడన్నాడు వీడు. నిద్రపోకూడదు కదా. తలుపు సందులోంచి మాట్లాడాను. తాతా, మీరొక పడవకి కెప్టెన్, తుఫానొస్తోంది, ఏం చేస్తారు అన్నాను. ముందు పలకలేదు. మళ్ళీ అడిగాను. తెరచాప దింపుతాను అన్నాడు. ఎవరు దింపుతారు, మీ కాలికి దెబ్బ తగిలింది కదా అన్నాను. నా మనుషులున్నారు, ఐదుగురు అన్నాడు. వాళ్ళ పేర్లు చెప్పమన్నాను. ఒక్కో పేరూ ఆలోచించి చెప్తున్నాడు. నాలుగో పేరు దగ్గర గడియ ఊడింది."

కాలు రెండుచోట్ల విరిగింది, నెత్తురు బాగా పోయింది. ఇంకో గంట ఆలస్యమైతే కష్టమయ్యేదని అంబులెన్సులో వచ్చినాయన చెప్పి వెళ్ళాడట. ఇప్పుడు ప్రాణానికి ఢోకా లేదు. ఆ మాట చెప్పి వైస్ ప్రిన్సిపాల్ కుర్చీలో కూలబడి, జేబురుమాలుతో మెడంతా తుడుచుకున్నాడు. అందరికీ మంచినీళ్ళు తెప్పించాడు. నాలుగు గ్లాసులూ ఒక్క గుక్కలో ఖాళీ అయ్యాయి.

ఇంటికి నడిచే వెళ్ళారు తల్లీకూతుళ్ళు. మందుల షాపు ముందు డ్రైవరమ్మ ఆగిపోయింది.

"నేను నమ్మలేదే నిన్ను."

"తెలుసులే."

"కోపం రాలేదూ?"

"వచ్చింది," అంది పిచ్చుక నిజాయితీగా. "ఫోన్ పెట్టేశాక చాలా వచ్చింది. కానీ నేను నీ ప్లేసులో ఉంటే నేను కూడా నమ్మేదాన్ని కాదు. పాము విషయంలో నువ్వు ఎంత ఏడ్చావో చూశాను కదా." చేతుల దుమ్ము దులుపుకుంటూ, "ఇప్పుడు బయట అబద్ధాలు చెప్పాలనిపించడం లేదమ్మా. ఎప్పుడన్నా ఏదన్నా తోస్తే, ఇది గురువారానికి దాచుకోవాలి అనుకుంటున్నా. బయట వాడేస్తే వేస్టయిపోతుంది."

డ్రైవరమ్మకి నవ్వొచ్చింది. ఏళ్ళ తరబడి మోస్తున్న మూటేదో భుజం మీద నుంచి దించినట్టుంది. పిల్ల జుట్టులో చిక్కుకున్న సాలెగూడు తీసి పారేసింది. "ఆకలేస్తోందా?" అంది. "చచ్చేంత" అంది పిల్ల. ఆ మాటలో ఆవిడ ఏమీ తీసెయ్యలేదు.

మరుసటి ఆదివారం మధ్యాహ్నం నలుగురు పిల్లలూ ఆసుపత్రికి బయల్దేరారు. వాళ్ళ వెంట పెద్దవాళ్ళెవరైనా తోడు ఉండాలని డ్రైవరమ్మ కూడా వెళ్ళింది. వార్డులో చివరి మంచం తాతది. కాలికి తొడదాకా కట్టు, దాన్ని దిండ్ల మీదికెత్తి పెట్టారు. పిల్లల్ని చూడగానే ఆయన మొహం వెలిగింది.

"రండమ్మా రండి! వారం నుంచి పడవ నడిసముద్రంలో వదిలేసి పోయారు. నా ఐదో మనిషి పేరు కూడా ఆలోచించి పెట్టాను."

అన్నం ట్రే పెట్టే చక్రాల బల్లని మంచం మీదికి లాగారు. పిచ్చుక నోటుబుక్కు తెరిచింది. నాన్న చేసిచ్చిన బిళ్ళలు బల్ల మీద పరిచారు. చుక్కాని పట్టేవాళ్ళు లేరని లీడరమ్మాయి గుర్తుచేసింది. అందరి చూపులూ కుర్చీలో పక్కకి కూర్చున్న డ్రైవరమ్మ మీద పడ్డాయి.

"నాకు రాదర్రా ఇవన్నీ. నేను ఉన్నది చెప్పడమే కానీ..."

"ఉన్నదే చెప్పమ్మా," అంది పిచ్చుక. "నువ్వు చుక్కాని దగ్గరున్నావు. పొగమంచు తొలిగింది. ఎదురుగా ఇల్లంత బండరాయి. ఏం చేస్తావు?"

"బ్రేకు వేస్తాను."

"పడవకి బ్రేకుండదాంటీ!" నిట్రాట మంచం కమ్మీ పట్టుకుని నవ్వాడు. పక్క మంచం రోగి కూడా ఇటు తిరిగాడు.

డ్రైవరమ్మ సిగ్గుపడింది. తరవాత నిజంగానే ఆలోచించింది. వానలో, మలుపులో, వెనక నలభైమందితో బండి జారినప్పుడు తనేం చేస్తుందో గుర్తు తెచ్చుకుంది. "ఒక్కసారిగా తిప్పను," అంది నెమ్మదిగా. "తిప్పితే ఒరిగిపోతుంది. ముందు నిలబడ్డ వాళ్ళందర్నీ గట్టిగా పట్టుకోమంటాను. పిల్లలున్నారా పడవలో?"

"ఇద్దరున్నారు," అంది పిచ్చుక. అది అప్పటికప్పుడు కల్పించిందని తల్లికి అర్థమైంది.

"వాళ్ళని మధ్యలో కూర్చోబెడతాను. అప్పుడు కొద్దికొద్దిగా ఎడమకి తిప్పుతాను."

"వెయ్యమ్మా," అంటూ పిచ్చుక పాచిక తల్లి అరచేతిలో పెట్టింది.

బల్ల మీద దొర్లి దొర్లి పన్నెండు దగ్గర ఆగింది. పిల్లలు ఊపిరి బిగబట్టి పిచ్చుక వంక చూశారు.

"పడవ రాయిని రాసుకుంటూ వెళ్ళింది," అంది పిచ్చుక. "పక్కచెక్క ఒకటి ఊడింది. మనుషులు అందరూ ఉన్నారు."

తాత దిండు మీద వెనక్కి వాలి, "అమ్మయ్య" అన్నాడు. డ్రైవరమ్మ తను కూడా ఊపిరి బిగబట్టిందని అప్పుడే గమనించింది. సెలైన్ సీసా మార్చడానికి వచ్చిన నర్సు, చూడ్డానికొచ్చిన వాళ్ళ టైము అయిపోయిందని చెప్పింది.

"ఊడిన చోటునుంచి నీళ్ళొస్తున్నాయి సిస్టర్," అన్నాడు కళ్ళజోడు పిల్లాడు. "ఇప్పుడెలా వెళ్తాం?"

నర్సు వాచీ చూసుకుంది. డాక్టరు రావడానికి ఇంకా పావుగంట ఉందని చెప్పి, సీసా మార్చి, వెళ్ళకుండా మంచం కాళ్ళ దగ్గరే నిలబడింది. డ్రైవరమ్మ కుర్చీని బల్ల దగ్గరికి లాక్కుంది.

"ఏదన్నా గుడ్డ ఉందా పడవలో, ఆ కన్నంలో కుక్కడానికి?" అని అడిగింది.